ఎగరకుండా వేసిన బంతి

ఏ పిల్లవాడు ఎంతవరకు ఎదుగుతాడో అప్పటికి యంత్రాలే చెప్పేస్తున్నాయి. కాకినాడ బాస్కెట్‌బాల్ శిక్షణ కేంద్రంలో, దూరం నుంచి బంతి వేయడంలో ఆరడుగుల పది అంగుళాల జోగారావుకు నూటికి పన్నెండే వచ్చాయి. నెలాఖరుకు నలభై దాటకపోతే ఇంటికి పంపేస్తారు.

కోర్టు ఊడ్చే సింహాద్రికి వాడంటే చిరాకు. కోచ్‌లు నేర్పినట్టు ఎగిరి వేసిన బంతుల్లో సగం గోడ దాటి కాలవలో పడేవి. దిగి తెచ్చేది తనే.

"తాటిచెట్టంత ఉన్నావు, ఇంకా ఎగరడమెందుకురా? నిలబడి వెయ్యి. నా నడుం పోతోంది," అని ఒకనాడు కసిరాడు.

జోగారావు నిజంగానే నిలబడి వేశాడు. బంతి వలలో పడింది. ఇక రోజూ అలాగే వేశాడు.

నెలాఖరున యంత్రం అరవై రెండు అంది. "నేర్పిందెవరు?" అని అడిగింది.

"మా సింహాద్రి బాబాయండి," అన్నాడు జోగారావు, పక్కనున్న అతణ్ణి చూపించి.

"చదువు?"

"ఆరులో మానేశాను," అన్నాడు సింహాద్రి, మొహం గంటు పెట్టుకుని.

"గురువు, సింహాద్రి గారు. నమోదైంది."

యాభై ఏళ్లలో అతని పేరు చివర ఎవరూ 'గారు' తగిలించలేదు. ఆ పొడుగువాడు సింహాద్రి పేరు చెప్పకపోయినా అడిగేవాళ్లు లేరు. అయినా చెప్పాడు.

సింహాద్రి జోగారావు వైపు తిరిగాడు. "సరిగా వినపళ్ళేదురా. ఇంకోసారి చెప్పమను."