మూడు షూటింగుల రంగు

షూటింగులకు బైకులు కిరాయికిచ్చే ఓదెలు, ఫిల్మ్‌నగర్‌లో తన ఇంటి ముందు ఒక బైకు వెనక చక్రం నట్టుతో కుస్తీ పడుతున్నాడు. డీజిల్ పోసినా అది కదల్లేదు.

పక్కనే కాలికి కట్టుతో ఫైటర్ రఘునందన్. పోయిన నెల షూటింగులో ఈ బైకు మీంచే పడ్డాడు. బ్రేకు ఆలస్యంగా తొక్కాడని ఫైట్ మాస్టర్ పనిలోంచి తీసేశాడు.

"షూటింగుకు ముందే విప్పి బ్రేకు చూసినన్నవు గద అన్నా, గింత గట్టిగున్నదేంది?"

"తుప్పు రా," అన్నాడు ఓదెలు తలెత్తకుండా.

రఘునందన్ స్క్రూడ్రైవర్‌తో నట్టు అంచు గీకాడు. ఎరుపు, దాని కింద నీలం, ఆ కింద నలుపు. షూటింగుకో రంగు. ఏదీ చెక్కుచెదరలేదు.

"విప్పితే పాత రంగులన్న పగలాలె గద?"

అరగంట పని మిగుల్చుకున్నందుకు ఒక మనిషి బతుకుతెరువు పోయింది. ఓదెలు పానా కింద పెట్టాడు.

"విప్పలే. తప్పు నీది కాదు. మాస్టర్‌కు ఫోన్ కలుపు, నేనే చెప్త."

"మల్ల నీ బండ్లు తీసుకోడన్నా."

"కలుపు రా, నాకు ధైర్యం ఉన్నప్పుడే."