అందరికీ ఒకే కుక్క

ఎవరి కళ్లద్దాల్లో వారి సినిమా, ఎవరు కోరిన ముగింపు వారికి. అలాంటి రోజుల్లో హనుమకొండ కాలేజీ విద్యార్థులు ఫిల్మ్ ఫెస్టివల్ పెట్టి, కళ్లద్దాలన్నీ గుమ్మం దగ్గరే తీయించారు. లోపల అందరికీ ఒకటే తెర. దాని మీద ఆ విద్యార్థుల్లో ఒకరైన సంహిత తీసిన తప్పిపోయిన కుక్క కథ.

సగంలో ఒక పెద్దావిడ అలవాటు కొద్దీ తెరకు హుకుం జారీ చేసింది.

"కుక్కను ఇంటికి తోల్కరా."

సినిమా వినలేదు. వెనక వరుసలోంచి ఒకాయన అరిచాడు.

"ఆమె చెప్పేది ఇనవడ్తలేదా? తోల్కరా!"

ప్రొజెక్టర్ దగ్గరున్న ఫైజల్ గాబరాపడ్డాడు. "జనం ఎల్లిపోతరేమో. ముగింపు మార్చుదామా?"

"ఏం మారుస్తవ్? నేను తీసింది గదొక్కటే," అంది సంహిత.

కుక్క రాలేదు. దీపాలు వెలిగాయి. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు.

గుమ్మం దగ్గర కళ్లద్దాలు తీసుకుంటూ పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. అరిచినాయన పక్కనే ఉన్నాడు.

"నాకు కుక్క రాలే. నీకొచ్చిందా బిడ్డా?"

"నాకు గూడ రాలేదమ్మా."

ఆమె ముఖం విప్పారింది. కళ్లద్దాలు సంచిలో వేసుకుని మెట్ల మీద చతికిలబడింది.

"అయితే కూసో. అది యాడికి పోయుంటదంటవ్?"

ఒక్కొక్కరే వచ్చి చేరారు. మెట్ల మీద చోటు చాలక సంహిత నిలబడే వింది.