సులువైన రేవు

"ఎనిమిది, తొమ్మిది, పది" అని పైకే లెక్కపెట్టుకుంటూ ఇశ్రాయేలు బందరు కాలవ రేవు మెట్లు దిగుతుంటే, వెనక వస్తున్న లాజరుకు ఒళ్లు మండిపోయింది. గాలం వేయడం నేర్చుకోవడానికి వచ్చినవాడు చేపల్ని లెక్కపెట్టాలి గానీ మెట్లెందుకు? పాతికేళ్ల మగాడు, కాలవలోకి దిగడానికి అంకెలు వల్లిస్తాడు.

"పది మెట్లండి బాబాయిగారూ. ఆఖరిది పాకుడు పట్టింది."

"నీళ్లలో ఉన్న మెట్టుకు పాకుడు పట్టక పారాణి పెడతారా?" అన్నాడు లాజరు.

లాజరు బెజవాడ లాకుల దగ్గర ముప్పై ఏళ్లు తలుపులు ఎత్తి దించే లస్కరుగా చేసి రిటైరైన మనిషి. ఏ నెలలో ఏ లాకు కింద కొరమీను తిరుగుతుందో ఆయన్ని అడిగి తెలుసుకుని ఇంజనీర్లు ఆదివారాలు గాలాలు వేసేవారు. అంతటివాడికి ఈ పిల్లకాకిని అంటగట్టింది కూతురు తెరేసమ్మ.

క్రిస్మస్ వెళ్లిన నెలకు లాజరు లాకు గోడ మీద కాలు జారి కాలవలో పడ్డాడు. ఎవరైనా పడతారు. ఆసుపత్రిలో డాక్టరు మరీ విడ్డూరపు మనిషి. కాలు బెణికిందని వెళితే కళ్లలో టార్చి వేసి చూసి, తెరేసమ్మను బయటికి పిలిచి అరగంట మాట్లాడాడు. ఇంటికి రాగానే ఆమె ఇక కాలవ మాట ఎత్తొద్దంది. లాజరు రెండు పూటలు అన్నం ముట్టలేదు. వసారాలో కుర్చీకి అతుక్కుని బతకడం కంటే ఆ నీళ్లలోనే పోవడం నయమన్నాడు. ఆ మాట ఆయన ఉత్తినే అనలేదు, కాలవ లేకపోతే తనకు మిగిలేదేమీ లేదని ఆయనకు తెలుసు. మూడో పూటకు తెరేసమ్మ ఒక షరతు మీద దిగివచ్చింది. తనకు తెలిసిన కుర్రాడు ఒకడున్నాడు, గాలం ఓనమాలు రావు, నెల రోజులు వాణ్ణి వెంటబెట్టుకు వెళ్లి సులువైన చోట్లలో నేర్పాలి. ఆ తరవాత ఆయన ఒక్కడే వెళ్లినా అడ్డుపడనంది.

అందుకని లాజరు పళ్లు బిగబట్టి భరిస్తున్నాడు. కుర్రాడు ఎవరి పిల్లాడో, ఎక్కడ పనిచేస్తాడో కూడా అడగలేదు. అడిగేపాటి మనిషిగా అనిపించలేదు.

మొదటి రోజు ఏలూరు కాలవ తూము దగ్గరికి తీసుకెళితే, గోడ సన్నంగా ఉందన్నాడు ఇశ్రాయేలు. రైవస్ కాలవ గట్టుకు తీసుకెళితే బురద అన్నాడు. మెట్లుండాలట, రోడ్డు దాటకూడదట, ఇంటికి దగ్గరుండాలట. చివరికి వాడికి నచ్చిన చోటు వీధి చివర ఆడవాళ్లు గిన్నెలు తోముకునే రేవు. అక్కడ మెతుకుల కోసం జెల్లలు మూగుతాయి, పసిపిల్లలు కూడా పట్టగలరు. కొరమీను పట్టిన చేత్తో అంట్ల మధ్య గాలం వేయవలసి వచ్చినందుకు లాజరు తల కొట్టేసినట్టయింది.

పైగా వాడి వేషాలు ఇన్నీ అన్నీ కావు. పడిపోతానని భయమట, గట్టు మీద వేపచెట్టు నుంచి ఆఖరి మెట్టు దాకా కొబ్బరితాడు కట్టాడు. ఎమర్జెన్సీ పుణ్యమా అని రైళ్లే టైముకు నడుస్తున్న రోజుల్లో, వాడు ఆ తాడు పట్టుకుని రేవు దిగడానికి పావుగంట తీసుకునేవాడు. ఎర డబ్బా ఎప్పుడూ కుడిచేతి పక్కనే ఉండాలనేవాడు, బుట్ట ఎడమ పక్కన. జానెడు జరిగితే ఒప్పుకునేవాడు కాదు. గాలం ముల్లుకు దారం కళ్లు మూసుకునే కట్టడం నేర్చుకుంటానన్నాడు. ముందు మీరు అలా కట్టి చూపించండి అంటే, లాజరు పంతానికి పోయి వాడికంటే ముందే కట్టి అవతల పడేశాడు.

నీళ్ల మీద తేలే బెండును కనిపెట్టి చూడటం వాడికి చేతకాలేదు. కూచిపూడి నుంచి కాలిగజ్జె ఒకటి తెచ్చి గాలం కర్ర చివర కట్టాడు. చేప లాగితే మోగుతుందట.

"చేపను పట్టడానికి వచ్చావా, దానికి ఆట నేర్పడానికా?" అన్నాడు లాజరు.

ఇశ్రాయేలు నవ్వాడు. ఎంత తిట్టినా నవ్వడమే. రోషం లేనివాడికి ఏ విద్యా అబ్బదని లాజరు తీర్మానించుకున్నాడు.

ఈస్టరు ముందు తపస్సుకాలం మొదటి శుక్రవారానికి నెల నిండింది. ఆ పొద్దున ఇశ్రాయేలు తాను గాలం ముట్టనన్నాడు, చెట్టు కింద కూర్చుంటాను, బాబాయిగారు పడుతుంటే చూస్తానన్నాడు. వాడు ముట్టకపోతే చేపలకు కూడా హాయి అనుకున్నాడు లాజరు. తాడు పట్టుకుని, వాడి లెక్క తన నోటికీ అంటుకుపోయినందుకు చిరాకు పడుతూ, మెట్లు దిగాడు. గజ్జె మోగినప్పుడల్లా లాగాడు. చేతికి ముల్లు గుచ్చుకోకుండా జెల్ల తల పట్టి బుట్టలో వేశాడు. ఎండెక్కేలోగా మూడు పడ్డాయి.

ఇంటిదాకా వచ్చి ఇశ్రాయేలు తెరేసమ్మతో ఒక్క ముక్క చెప్పాడు.

"అయిపోయిందండీ అక్కా. రేపట్నుంచి బాబాయిగారు ఒక్కరే వెళ్లొచ్చు."

వాడు సైకిలెక్కి వెళ్లిపోయాడు.

లాజరుకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. పీడ విరగడైందని అరుగు మీద కాళ్లు బారచాపి, వాడి నేర్పు ఎంతటిదో కూతురికి వర్ణించాడు. నెల రోజుల్లో ఒక్క పరిగెను పట్టింది లేదు. నేర్పించుకుంటే వచ్చే బాపతు కాదది.

"ఇంతకీ ఆ దద్దమ్మకు ఎవరిచ్చారే ఉద్యోగం? ఏం చేస్తాడు వాడు?"

తెరేసమ్మ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని చెప్పింది.

"గుడ్డివాళ్ల బడిలో మాస్టారు, నాన్నా."