మూడు పిలుపులు

"నేను లేవ చెల్లె. బువ్వకాడికి పోతే నా పేరు పోతది."

మాన్‌సింగ్ ఆ మాట దవాఖానంతా దద్దరిల్లేలా అన్నాడు. తన గొంతు తనకే వినబడదు మరి. రాళ్ల క్వారీలో పేలుళ్లకు రెండు చెవులూ పోయిన మనిషి, మరిపెడ అవతలి తండా నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చాడు. ఆ రోజు చెవిటివాళ్ల క్యాంపు. డాక్టరు కాగితం రాసిస్తేనే పింఛను.

ఎస్తేరు అన్నం పళ్లెంతో అలాగే నిలబడింది. చర్చి ఆడవాళ్లతో కలిసి క్యాంపుకు వచ్చినవాళ్లకు వండి పెట్టడం ఆమె పని. ఎదుటి మనిషి పస్తుంటే ఆమెకు ముద్ద దిగదు. ఎందుకన్నట్టు చెయ్యి తిప్పింది.

మాన్‌సింగ్ మూడు వేళ్లు చూపాడు. "మూడు క్యాంపులకు అచ్చిన. పిలిస్తే రాలేదని మూడుసార్లు రాసిండ్రు. పిలిస్తే ఇనబడేటోన్నైతే గీడికెందుకత్త?"



అంతలో తలుపు దగ్గర అటెండరు శ్రీపాల్ నోరు తెరిచాడు. మాన్‌సింగ్ దిగ్గున లేచాడు. "నీది కాదు, కూసో," అని శ్రీపాల్ చేత్తో అదిలించాడు. కాసేపటికి మళ్లీ నోరు తెరిచాడు. మాన్‌సింగ్ మళ్లీ లేచాడు. ఈసారి శ్రీపాల్ ఆవులించాడంతే.

ఎస్తేరు పళ్లెం పక్కన పెట్టింది. చరచరా తలుపు దగ్గరికి నడిచింది.

"అన్నా, ఆయనకు ఇనబడది. పేరొస్తే జర చేత్తోని పిలువరాదే."

"గీడ ఎవలకు ఇనబడ్తదక్కా? నూటిరవై మంది ఉన్నరు. అందరికి ఊపితే నా చెయ్యి పడిపోతది. మూడుసార్లు పిలుస్త. పలుకకపోతే రాలేదని రాస్త. రూలు గంతే."

"లోపల చెవుల మిషన్ పెట్టి చూస్తుండ్రా?"

"మిషన్ ఖరాబై నెలాయె. డాక్టర్ సాబే మనిషిని చూసి రాస్తుండు."

ఇయ్యాల ఈయన పేరు పోతే నా పేరు ఎస్తేరే కాదు, అనుకుంది ఆమె. పప్పు గిన్నెలోని గరిటె అందుకుని, మాన్‌సింగ్ ఎదుటికి వచ్చి పైకెత్తింది. తర్వాత అతన్ని చూపింది, తలుపును చూపింది. గరిటె లేస్తే నువ్వు లేవాలి. రెండోసారికి అతనికి అర్థమైంది. తలుపును వదిలి గరిటె మీద చూపు నిలిపాడు.

ఇక చూడండి ఎస్తేరు అవస్థ. వడ్డించేది ఎడమ చేత్తో, చెవి మాత్రం తలుపు వైపు. "ఎడమ చేత్తోని పెడ్తవేందమ్మా," అని ఒక ముసలమ్మ మొహం మాడ్చుకుంది. కుడి చేతిలోని గరిటెను మాత్రం ఆమె కింద పెట్టలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక పిలుపు వచ్చింది.

"మాలోతు మాన్‌సింగ్."

గరిటె లేచింది. చీర మీద పప్పు కారింది. శ్రీపాల్ రెండోసారి పిలవడానికి ఊపిరి తీసుకునేలోపే మాన్‌సింగ్ అతని ముందున్నాడు. శ్రీపాల్ అతన్ని ఎగాదిగా చూసి, చీటీ మీద ఏదో గీకి లోపలికి పంపాడు.

రెండు నిమిషాల్లోనే మాన్‌సింగ్ బయటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. చేతిలో కాగితం, దాని మీద సంతకం, ముద్ర.

"అయిపోయింది చెల్లె. ముద్ర గూడ గుద్దిండు. ఇగ పెట్టు బువ్వ."

ఆమె సంతోషంగా పళ్లెం నిండా వడ్డించింది. అతను ఆవురావురుమంటూ తింటూ, కాగితం చదివి పెట్టమని ఆమె చేతికిచ్చాడు. ఎస్తేరు కొంగుకు చెయ్యి తుడుచుకుని మడత విప్పింది.

"మొదటి పిలుపుకే లేచి వచ్చాడు. వినికిడి లోపం లేదు."