టవర్ కనబడే గది

“సార్, మాట వచ్చిందా?”

గేటు ముందు ముసలాయన ఆ రోజూ అదే అడిగాడు.

“వస్తే నీకేం, రాకపోతే నీకేం?” ఇంజనీరు కృష్ణప్రసాద్ ఆగకుండా లోపలికి పోయాడు.

“ట్రంక్ కాల్ కోసం సూస్తున్నట్టున్నడు సార్,” కాపలా మొగులయ్య నవ్వాడు. “ఎల్లగొడితే పొయ్యి గా బండ మీద కూసుంటడు.”

కృష్ణప్రసాద్‌కు నవ్వు రాలేదు.

దబీర్‌పురా టవర్ మీద ఫోను మాటలు పంపే డిష్ ఒకటి. ఇబ్రహీంపట్నం అవతలి గుట్ట మీద ఇంకొకటి. మధ్యన గాలిలో సిగ్నల్ ఎంత పోతుందో, ఎంత మిగులుతుందో లెక్క కట్టింది ఆయనే.

మిగలవలసిన దాంట్లో నూరో వంతే వస్తోంది.

రేపు పెద్దసారు పరీక్ష. కృష్ణప్రసాద్ కట్టిన లింకు ఇదివరకు ఒకటి చెడింది. ఇదీ చెడితే ఉద్యోగం ఉండదు.

మధ్యాహ్నం గుట్ట మీదివాళ్లను ఎండలో అద్దం తిప్పమన్నాడు. తాను దుర్భిణి మెడలో వేసుకుని టవరెక్కాడు.

డిష్ ఎత్తున నిలబడి చూస్తే మెరుపు లేదు.

ఇంకాస్త పైకెక్కాడు. దూరాన చుక్కలా తళుక్కుమంది.

అంటే దారికి ఏదో అడ్డం ఉంది. దుర్భిణి దించాడు. నాలుగిళ్ల అవతల డాబా మీద కొత్త గది. సర్వే నాడు లేదు.

దిగేసరికి చొక్కా తడిసిపోయింది.

“ఎవరిదయ్యా, డిష్‌కు అడ్డమొచ్చిన ఆ డాబా మీది గది?”

“నాకెర్క లేదు సార్. నేనొచ్చి నెల గాలే.”

“నోటీసిచ్చి తీయించేసరికి ఏడాది పడుతుంది.”

గేటు మెట్టు మీద కూలబడ్డాడు.

“ఇక్కడ టవరెక్కి డిష్ కట్టిన ఇశ్రాయేలే కదూ గుట్ట మీదా కట్టింది?”

“ఔ సార్. కట్టి దిగేటప్పుడే పడి సచ్చిండంట.”

“డిష్ వంకరగా కట్టాడని రాస్తాను.”

“వంకర గట్టిండా సార్?”

“చచ్చినవాడు వచ్చి కాదంటాడా?”

ఆ మాటలన్నీ వింటున్న ముసలాయన బండ మీంచి లేచాడు. ఈసారి ఏమీ అడగలేదు. తల వంచుకుని పోయాడు.

తెల్లారి పెద్దసారు ముందు మీటరు ముల్లు లేచింది. లెక్కలో ఉన్న గీత మీదికి వచ్చి నిలబడింది.

“లెక్కంటే ఇట్లా ఉండాలి,” అన్నాడు పెద్దసారు.

కృష్ణప్రసాద్ టవరెక్కి చూశాడు. డాబా మీద గది లేదు.

జేబులోంచి ఇశ్రాయేలు మీద రాసిన కాగితం తీసి చింపేశాడు. ఆ గది మనిషికి దండం పెట్టి రావాలనిపించింది.

ఆ ఇంటికి వెళ్లి ఎక్కి చూస్తే డాబా మీద ఇటుకల కుప్ప, రేకులు, గడ్డపార. గడ్డపార పిడికిట పట్టేచోట ఎండిన నెత్తురు.

కింద వాకిట్లో ఇంటామె చంద్రమ్మ గిన్నెలు తోముతోంది.

“గది కూలగొట్టిన పెద్దమనిషి ఏరమ్మా?”

“పొద్దుగాలనే ఊరికి పొయిండు సార్. ఇగ ఈడ పండనీకె జాగేది?”

“ఎందుకు కూలగొట్టాడు?”

“మేం గదే అడిగినం. ‘మాట వస్తది’ అన్నడు, గంతే. రోజూ పొయ్యి మీ గేటు కాడనే కూసుంటుండె గద.”

కృష్ణప్రసాద్ తలెత్తి డాబా వైపు చూశాడు.

“ఆయన కట్టుకున్న గదేనా?”

“కాదు సార్. ‘నేనెక్కే టవర్ మా నాయినకు కనబడాలె’ అని ఆయన కొడుకు ఇశ్రాయేలు కట్టిండు.”