చిల్లు సైలెన్సర్

పాత బండి కొనబోయేవాడు ఎవడైనా ముందు ఏం చూస్తాడు? మీటర్ చూస్తాడు, టైర్లు చూస్తాడు. కాస్త తెలివైనవాడైతే నడిపి చూస్తాడు. బుగ్గయ్య మాత్రం పోయి గోడ వెనకాల కూర్చున్నాడు.

"ఇగ కిక్కు కొట్టన్నా!" అని అక్కడి నుంచే కేకేశాడు.

బండి అమ్ముతున్న మల్లేశయ్య కొట్టాడు. ఆ టూ స్ట్రోక్ బండి దగ్గి, పొగ కక్కి, డబడబమని మోగింది. బుగ్గయ్య కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత లేచొచ్చి, "గిదే గావాలె," అన్నాడు.

బండి చూసిపెట్టమని ఇబ్రహీంపట్నం నుంచి వెంట తెచ్చుకున్న మెకానిక్ దయాకర్ తల పట్టుకున్నాడు.

"కాకా, మీటర్ లక్ష దాటి ఆగిపోయింది. ఎన్నడు ఆగిందో ఎవ్వలికి తెల్వదు. బ్రేకులు లేవు. చైన్ ఏలాడుతున్నది. సైలెన్సర్‌కు బొటనేలు పట్టేంత చిల్లున్నది."

"బ్రేకులెందుకురా?"

"ఆపేటందుకు!"

"నడిస్తె గద ఆపుడు," అన్నాడు బుగ్గయ్య. యాభై రెండేళ్ల మనిషి. ఇన్నేళ్లలో సైకిల్ తప్ప మరోటి తొక్కి ఎరుగడు.

మల్లేశయ్యకు ఇదంతా నవ్వులాటగా ఉంది. విమానాశ్రయం పుణ్యమా అని మహేశ్వరంలో అతని పొలం ప్లాట్లయింది. ఉన్నవన్నీ ఒక్కొక్కటే అమ్మేసి, కారు కొనుక్కుని పట్నం పోతున్నాడు.

"ఆరేండ్ల సంది రాత్రి కరెంటుకు నీళ్లు పెట్టి పొద్దుగాల అయిదుకు, మల్ల సాయంత్రం అయిదుకు పొలంకెల్లి గీ బండి మీదనే ఇంటికొచ్చేటోన్ని. ఒక్కనాడు తప్పలే," అన్నాడు గర్వంగా.

"గందుకే కొంటున్న," అన్నాడు బుగ్గయ్య.

పది రోజుల్లో మల్లేశయ్య దగ్గర అతను చేసిన రెండో బేరమిది. మొదటి బేరం నిలువునా ముంచింది. కౌలుకు చేసే భూమి వెంచర్‌లోకి పోయాక, ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి దాని మీదే పెట్టాడు మరి. భార్య శంకరమ్మ తెగేసి చెప్పింది.

"గీ బండితోటి గూడ మన గతి మారకపోతే ఆదివారం సామాను సర్దుతా. బొంగులూర్ల కొత్త బిల్డింగు కాడ వాచ్‌మన్ గుడిసె ఖాళీగున్నదట."

సొంత ఇల్లు పెట్టుకుని బుగ్గయ్య ఎవడి గేటు దగ్గరో సలాం కొట్టాలా?

మధ్యాహ్నానికి దయాకర్ బండి నడిపి తెచ్చి ఇంటి ముందు పెట్టిపోయాడు. బుగ్గయ్య సాయంత్రం అయిదు దాకా ఆగితే పోయేది. ఆగితే బుగ్గయ్య ఎందుకవుతాడు! కిక్కు కొట్టడం నేర్చుకోవద్దూ? సీసా పట్టుకుపోయి పెట్రోలు తెచ్చి పోశాడు. మొదటి కిక్కుకు చెప్పు ఎగిరి పక్కింట్లో పడింది. నాలుగోదానికి కిక్కు రాడ్డే తిరగబడి పిక్క మీద తన్నింది. పన్నెండోదానికి బండి మోగింది. ఆ సంబరంలో గంటసేపు నిలబెట్టి మోగించాడు. పెట్రోల్లో ఆయిల్ కలపాలని ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. ఇంజన్ కీచుమని పట్టేసింది.

దయాకర్‌ది జాలిగుండె. బండిని షెడ్డుకు తోయించుకుపోయి సిలిండర్ బోరు చేయించాడు, పిస్టన్ మార్చాడు. శనివారం మధ్యాహ్నం కబురు పెట్టాడు.

"ఇగ విను కాకా!"

కిక్కు కొట్టాడు. బండి మెత్తగా, సన్నగా గురకపెట్టింది. పొగ లేదు.

"కొత్త సైలెన్సర్ ఏసిన. పైసలొద్దు, నా తరఫున."

బుగ్గయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. "నా కొంప ముంచినవ్ గదరా! పాతదేదిరా?"

"చిల్లుదా? పాత ఇనుము దుకాణానికి పోయింది."

"నడువ్!"

"నీకు లైసెన్సు లేదు, బ్రేకులొద్దు, చప్పుడు మాత్రం గావాల్నా? ఏమన్న పెండ్లి బరాత్ తీస్తవా కాకా?"

"నాకు గదే చప్పుడు గావాలె," అన్నాడు బుగ్గయ్య. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "అయిదుకు గది మోగకుంటే రేపు ఆమె సామాను సర్దుతదిరా."

దుకాణంలో ఇనుము గుట్ట ఎక్కి, కనబడిన ప్రతి సైలెన్సర్‌నూ తడిమి, చిల్లున్నచోటల్లా బొటనవేలు పెట్టి చూశాడు. చేతులు, మొహం, పంచె అంతా మసి. తాగొచ్చాడా అని దుకాణదారు దయాకర్‌ను సైగతో అడిగాడు. ఎనిమిదోదాంట్లో వేలు సరిగ్గా దిగింది. బుగ్గయ్య దాన్ని చంకనెత్తుకుని గుట్ట దిగాడు.

"నట్లు జర లూజుగనే పెట్టు. అప్పట్ల గట్లనే ఉండె," అని మెకానిక్‌కే పని చెప్పాడు.

బాగుచేసిన బండిని మళ్లీ పాడుచేయడానికి దయాకర్ రెండు గంటలు తిప్పలుపడ్డాడు. ఇంత అయ్యాక చూడకుండా పోతే అన్నం సహించదని, బండి తోసుకుంటూ తనూ వెంట వచ్చాడు. బుగ్గయ్య దాన్ని వాకిట్లోకి తేనియ్యలేదు. పక్క సందులో, పెరటి గోడ వెనక ఆపించాడు.

"వచ్చినవా?" గోడ అవతలి నుంచి శంకరమ్మ గొంతు. "అయిదయింది, కానియ్!"

బుగ్గయ్య చెప్పు విడిచి, బండికి దండం పెట్టి, కిక్కు కొట్టాడు. బండి దగ్గింది. పొగ కక్కింది. డబడబమని సందంతా మోగింది.

మల్లేశయ్య పొలం నుంచి ఇంటికొచ్చాడనుకుని, ఆయన దగ్గర మొదటి బేరంలో కొని తెచ్చిన నాటి నుంచి పూటకు గ్లాసెడు పాలు కూడా ఇవ్వని బర్రె గోడ అవతల చెవులు నిక్కించి, పాలు చేపి, శంకరమ్మ బకెట్ చుయ్యిమనిపించింది.