ఎనిమిదో పలక

"ఈసారైనా నిజం చెప్పు," అంటూ ఆయన ఎనిమిదో ప్లైవుడ్ పలక వెనక ఎక్సైటర్ బిళ్లను అంటించాడు. నట్టనడుమ కాకుండా కాస్త పక్కకి. ఆ బిళ్ల ఏ పలకకు అంటుకుంటే ఆ పలకే స్పీకరైపోతుందట.

"నిజమే చెప్తున్నాగా! ఏడూ బాగున్నాయండీ," అంది భార్య.

ఏడు పలకల్లోనూ పాట దుప్పటి ముసుగేసుకుని పాడినట్టే ఉంది. ఆ ముక్క అంటే రెండ్రోజులు మొహం మాడ్చుకుంటాడని ఆమె భయం.

పాట పెట్టడానికి ఆమె ఫోన్‌నే పలకకు కలిపాడు. అంతలోనే ఆమె అక్క ఫోన్ చేసింది. భార్య అలవాటుగా ఎత్తింది.

"ఏమే, మరిదిగారి చెక్కల గోల ఇంకా తెమల్లేదా? బాగుంది బాగుందని ఎన్నాళ్లు నెత్తినెక్కించుకుంటావే?" అంది పలక, గది దద్దరిల్లేలా.

భార్య కంగారుపడి ఫోన్ కట్ చేయబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగాగు! ఒక్క అక్షరం పోలేదు, విన్నావా?" ఆయన మొహం వెలిగిపోతోంది. ఫోన్ మీదికి వంగాడు. "వదినగారూ, ఇంకోసారి తిట్టండి. ఈసారి కాస్త మెల్లగా."

పలక టక్కున ఫోన్ పెట్టేసింది.

భార్య నవ్వాపుకోలేకపోయింది. ధైర్యం కూడా వచ్చింది.

"కింది మూల గరగరమంటోందండీ."

ఆయన ఆ మూలను వేలితో నొక్కిపట్టి ఆమె వంక చూశాడు.

"మొదటిదానికే ఇలా ఒక్క వంక పెట్టుంటే, ఆరు పలకలు మిగిలేవి కదే!"